ముత్యాలయ్య చూసిన పిట్టలు

పోయిన వారం మాలకొండమ్మను మనం ఇసుక దిబ్బ కింద, చేతిలో గంజి ముంతతో నిలబెట్టి వచ్చాం. పాపం, అప్పటి నుంచీ అక్కడే ఉంది. గంజి చల్లారిపోయి ఉంటుంది. ఇక ఆమెను దిబ్బ ఎక్కనిద్దాం.

ఎక్కేలోపు ఒక్క మాట, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం. వంకపాలెంలో పెద్దవల వేసేటప్పుడు చేపల గుంపు ఎక్కడుందో పడవలో ఉన్నవాళ్ళకు తెలియదు. నీళ్ళ మీద ఉన్నవాడికి నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకని ఒక మనిషి దిబ్బ మీద నిలబడతాడు. నీటి రంగు ఎక్కడ మారింది, పిట్టలు ఎక్కడ మూగాయి అని చూసి, ఎర్రగుడ్డ ఊపి పడవకు దారి చెబుతాడు. కుడికి ఊపితే కుడికి, ఎడమకు ఊపితే ఎడమకు, తల మీద తిప్పితే చుట్టెయ్యమని. వల నిండినా ఎండినా ఆ గుడ్డదే పూచీ. మాలకొండమ్మ మొగుడు ముత్యాలయ్యకు ఆ గుడ్డ తండ్రి నుంచి వచ్చింది. చూపులో తండ్రిని మించినవాడని సంత జరిగే కోట ఊరి దాకా పేరు.

అలాంటివాడికి రెండు నెలల కిందట, ముప్పై దాటిన వయసులో, అమ్మవారు పోసింది. అక్క బిడ్డకు నాలుగు పొక్కులు పోసి పోయిన ఆటలమ్మ, ఇతని ఒంటి మీద మాత్రం సందు లేకుండా కూర్చుంది. అతని కన్నతల్లి పోలేరమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మాన్పించి, మూడు నీళ్ళు పోసి, అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపి వచ్చింది. పొక్కులు మాడిపోయాయి. కానీ మళ్ళీ దిబ్బ ఎక్కినప్పటి నుంచీ అతని గుడ్డ తప్పుతూ వచ్చింది. పిట్టలున్నాయని తిప్పుతాడు, పడవ చుట్టేస్తుంది, వల లాగితే నాచు, నాలుగు పీతలు. తాగి ఎక్కుతున్నాడన్నారు కొందరు. అమ్మవారి కోపమన్నారు ఇంకొందరు. పాలెం కాపు, అంటే ఊరిపెద్ద, చిన్నపోలయ్య నిన్న అందరి ముందూ తేల్చి చెప్పేశాడు: రేపు కూడా వల ఎండితే, గుడ్డ ఇంకొకరి చేతికి.

ఆ రేపు ఇవాళే.

దిబ్బ మీద గాలి చీరను ఒంటి మీద నిలవనివ్వడం లేదు. ముత్యాలయ్య మెడలో ఎర్రగుడ్డ వేసుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. మాలకొండమ్మ అతని కుడిపక్కన నిలబడి ముంత చాచింది. అతను అందుకోలేదు. కోపమేమో అనుకుంది. ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో రాని విద్య.

"మావా, చెయ్యి లాగతా ఉంది. తాగుతావా, పారబోసేదా?"

అతను ఉలిక్కిపడి తల మొత్తం తిప్పి చూశాడు. "ఎప్పుడొచ్చినావు మే?"

"ఎప్పుడో వచ్చినా. నీ పక్కనే నిలబడుండా."

"కనపడలా."

గంజి తాగుతూ అతను ఎడమ చేత్తో మొహం ముందు ఈగలు తోలుకున్నాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మాలకొండమ్మ అది చూసి కళ్ళు చిట్లించింది. కోట సంతలో చేపల బుట్ట ముందు కూర్చునే మనిషి ఆమె, ఈగల సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనిషి కొంగునే ఎగరేసే గాలిలో ఏ ఈగా నిలవదు. ఆమె మొహం మీద ఒక్కటీ లేదు. మరి అతను దేన్ని తోలుతున్నట్టు?

అంతలో ముత్యాలయ్య ముంత కింద పెట్టి చెయ్యి చాపాడు. గొంతులో పాత హుషారు వచ్చింది. "అదిగో, వచ్చినాయి. తూరుపు దిక్కున. చూస్తివా పిట్టలు?"

మాలకొండమ్మ చూసింది. నీళ్ళున్నాయి, ఎండ ఉంది. పిట్ట అన్నది లేదు.

"నల్లవా, తెల్లవా?"

"నల్లంగా ఉండాయి. ఎండకు ఎదురు గదా."

అదీ నిజమే. పొద్దున పూట సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి తెల్లపిట్ట కూడా నల్లగానే కనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ అక్కడే చూస్తున్నవాడికి అనుమానం ఎందుకు వస్తుంది? వేరే ఊళ్ళో వేరే పని చేసేవాడైతే కళ్ళ ముందు నల్లచుక్కలు తిరుగుతున్నాయని ఏనాడో చెప్పి ఉండేవాడు. ముత్యాలయ్య జీవితంలో నల్లచుక్కలంటే పిట్టలు, పిట్టలంటే చేపలు. అతను గుడ్డ మెడలోంచి తీశాడు.

"ఆగు మావా. ఇటు తిరుగు. పాలెం దిక్కు చూడు."

"ఇప్పుడు ఆటలా మే?"

"చూడు. ఆడ ఉండాయా పిట్టలు?"

అతను విసుగ్గా తిరిగాడు. పడమరన గుడిసెలు, ఎండబెట్టిన వలలు, వాటి మీద ఖాళీ ఆకాశం. చూస్తూ చూస్తూ అతని మొహంలో విసుగు పోయింది.

"ఉండాయి," అన్నాడు నెమ్మదిగా.

"మన ఇంటి మీదా?"

"మన ఇంటి మీద గూడా."

మాలకొండమ్మ దగ్గరికి వచ్చి అరచేత్తో అతని కుడి కన్ను మూసింది. "ఇప్పుడు?"

"లేవు. ఒకటి గూడా లేదు."

చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసింది. అతను ఆమె మొహాన్ని పైనుంచి కిందికి వెతికాడు. తర్వాత చెప్పాడు: "పొగ. నీ నొసలు ఉంది. బొట్టు ఉంది. దాని కింద ఏం లేదు మే."

ఆమెకు భయం వేసింది, దాచడమెందుకు. బొట్టు కింద ఉన్న తన ముక్కు, నోరు, వాటి మీద కారుతున్న చెమట, ఏవీ అతనికి లేవు. కానీ మాలకొండమ్మకు భయం వేస్తే కాళ్ళు వణకవు, నోరు లేస్తుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా?"

"నీళ్ళు పోసినాక కొన్నాళ్ళకి మసక మొదలైంది. అమ్మవారు పోయినాక ఒంట్లో సత్తువ లేక అనుకున్నా. సగం లేదని ఇప్పుడు నువ్వు మూస్తేనే తెలిసె."

కింద పడవ నీళ్ళలోకి తోసి సిద్ధంగా ఉంది. చిన్నపోలయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని దిబ్బ వైపు చూస్తున్నాడు. ముత్యాలయ్య గుడ్డ అంచు వేలికి చుట్టుకున్నాడు.

"ఒక్క తూరి ఊపుతా. ఎడమ కంటితో చూసి చెప్తా. ఈ దినం వల ఎండిందా, మా నాయన పేరు పోతాది."

"నీ కన్ను పోతా ఉంది, నీకు పేరు కావాల్సి వచ్చిందా," అని మాలకొండమ్మ ఆ గుడ్డను అతని చేతిలోంచి లాగేసుకుంది. ఆ గుడ్డను ఆడది ముట్టుకోకూడదని పాలెంలో కట్టు. ఉంటే ఉండనీ అనుకుంది. కొంగుతో పాటు దాన్నీ నడుముకు చుట్టి దిబ్బ దిగింది.

ఎర్రగుడ్డ నడుముకు చుట్టుకుని వస్తున్న ఆడమనిషిని చూసి ఒడ్డున తాళ్ళు పట్టుకున్నవాళ్ళంతా తాళ్ళు వదిలేశారు. చిన్నపోలయ్య మొహం గంటు పెట్టుకున్నాడు.

"అది నీ చేతికెట్టా వచ్చె?"

"పట్టుకున్నోడికి చూపు లేక వచ్చింది అన్నా."

"తాగినాడా?"

"తాగుంటే నేనే నాలుగు తగిలించి పైకి పంపుదును, నీదాకా ఎందుకు వస్తాను? కుడి కంట్లో సగం చూపు లేదు. మిగతా సగంలో నల్లంగా ఏందో తిరగతా ఉంది. దాన్నే పిట్టలనుకొని గుడ్డ ఊపినాడు. అబద్ధం ఆడలా, కావాలని చేయలా. కోట హైస్కూల్లో నెల్లూరు నుంచి కంటి డాక్టరు వచ్చి శిబిరం పెట్టుండాడు. ఇప్పుడే తీసకపోతా ఉండా."

అంతలో పోలేరమ్మ రానే వచ్చింది. ఈ పాలెంలో మాట గాలి కంటే ముందు పోతుంది. ఆమె నెరిసిన తల విరబోసుకుని కోడలి ముందు నిలబడింది.

"అమ్మవారి మొక్కు తీరలేదు. తిరునాళ్ళకి పొంగలి పెట్టిందాకా నా బిడ్డ ఒంట్లోకి మందు దిగేదానికి లేదు. అమ్మ చూసిన కంటిని డాక్టరు చూసేదా? ఉన్నది గూడా తీసకపోతాది తల్లి."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. అమ్మవారు ఒంటి మీద ఉండగా మందు ముట్టకూడదన్నది అందరికీ తెలిసిన నియమం. మాలకొండమ్మ అత్తతో వాదానికి దిగితే ఓడేది. అందుకే దిగలేదు. గొంతు తగ్గించి, బుట్టలో చేప మంచిదేనా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"అత్తా, అమ్మవారిని సాగనంపింది ఎవురు?"

"నేనే. ఇంకెవురు?"

"బాగా సాగనంపినావా?"

"ఏమ్మే ఆ మాట? పెరుగన్నం పెట్టినా, వేపమండ పెట్టినా, పసుపునీళ్ళు చల్లినా. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చినా. ఈ పాలెంలో నా అంత పద్ధతిగా అమ్మను పంపేది ఎవురో చెప్పు."

"అదే నేనూ అనేది. నువ్వు పంపితే అమ్మ పోయినట్టే. పోయిన అమ్మ ఇంకా ఈయన కంట్లో కూర్చోనుందంటే, నువ్వు పంపింది సరిగా లేదని నలుగురూ అనుకోరా? నేనైతే అననీను. అమ్మ పోయింది. ఇప్పుడున్నది జబ్బు. జబ్బుకు మందు వేస్తే ఎవురికీ కోపం రాదు. మొక్కు మొక్కే. తిరునాళ్ళకి పొంగలి నా తల మీద పెట్టుకొని నేనే మోస్తా."

పోలేరమ్మ విరబోసుకున్న తల ముడి వేసుకుంది. తాను పంపింది సరిగా లేదని ఒప్పుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. తాళ్ళ దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

చిన్నపోలయ్య మాత్రం నవ్వలేదు. మొండివాడే కానీ అన్యాయం చేసేవాడు కాదు. దిబ్బ దిగి వస్తున్న ముత్యాలయ్య వంక చూసి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "పోయిరాండి. జబ్బని డాక్టరు చెప్తే గుడ్డ మీ ఇంట్లోనే ఉంటాది, నయమైందాకా ఇంకొకణ్ణి ఎక్కిస్తా. అయితే ముత్యాలయ్యే రావాల. పొద్దుగూకే లోపల ఈడ నిలబడి, వేపాకు చేత బట్టి ఒట్టేసి, డాక్టరు ఏం చెప్పినాడో తన నోటితో చెప్పాల. కబురు పంపితే చెల్లదు. రాకపోతే ఆ గుడ్డ మళ్ళీ మీ గడప తొక్కదు. ఇది కట్టు."

"వస్తాం," అంది మాలకొండమ్మ. వస్తామనే అనుకుంది కూడా.

బకింగ్‌హాం కాలువ దాటి, సరుగుడు తోపుల మధ్య నడిచి, దారిలో దొరికిన కట్టెల బండి ఎక్కి వాళ్ళు కోట చేరేసరికి హైస్కూలు వరండా నిండా శుక్లాల ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. డాక్టరు జ్ఞానప్రకాశం గారు బక్కపలచటి మనిషి, నవ్వుతూ గదమాయించే రకం. మాలకొండమ్మ వరస తప్పించి ముందుకు వెళ్ళిపోయింది. ముసలివాళ్ళు ఊరుకుంటారా, కేకలేశారు. "మీ శుక్లాలు రేపటికీ ఉంటాయి తాతా, పారిపోవు," అని ఆమె సమాధానం చెప్పి మొగుణ్ణి లోపలికి నెట్టింది.

డాక్టరు కసురుకోబోయి, ఆమె చెప్పింది విని ఆగిపోయాడు. "అమ్మవారు పోసిందా? ఈ వయసులోనా? ఎన్నాళ్ళయింది?" అని అడిగి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేయించి, కాసేపయ్యాక చీకటి చేసిన గదిలోకి తీసుకుపోయాడు. చిన్న దీపం ఉన్న పనిముట్టుతో కుడి కంట్లోకి తొంగి చూశాడు. పైకి చూడు, కిందికి చూడు, నా చెవి వైపు చూడు అంటూ చాలాసేపు చూశాడు. దీపం ఆర్పాక ఆయన మొహంలో నవ్వు లేదు.

"కంటి వెనక గోడకు పల్చటి పొర ఒకటి ఉంటుంది. రెటీనా అంటాం. బొమ్మ పడేది దాని మీదే. నీ కుడి కంట్లో ఆ పొర పైభాగం వాచి చెడింది. పైన చెడితే నీకు కింద కనిపించదు. ఆ వాపులోంచి వచ్చిన నలుసులు కంటి లోపల తేలుతున్నాయి. నువ్వు చూసిన పిట్టలు అవే."

ముత్యాలయ్య తల వంచుకుని విన్నాడు. "అమ్మవారి వల్లనేనా అయ్యా?"

"చికెన్‌పాక్స్ వల్ల. పిల్లలకొస్తే తేలిగ్గా పోతుంది. పెద్దవాళ్ళకొస్తే మొండికేస్తుంది. ఒంటి మీద మానినా ఎక్కడో ఒకరికి ఇలా కంట్లో తేలుతుంది. నా సర్వీసులో ఇది రెండోది."

"మొదటాయన బాగయినాడా?" అని అడిగింది మాలకొండమ్మ.

డాక్టరు పనిముట్టు దీపం మళ్ళీ వెలిగించాడు. "ఆలస్యంగా వచ్చాడు," అన్నాడు.

అప్పుడు ఎడమ కన్ను కూడా అంతే శ్రద్ధగా చూశాడు. అది శుభ్రంగా ఉందన్నాడు. మాలకొండమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

"పోయిన చూపు తెచ్చిపెడతానని నేను చెప్పను," అన్నాడు డాక్టరు కుడి కంటికి కట్టు కడుతూ. "మిగిలింది నిలబెట్టడానికి చూస్తాను. నెల్లూరులో ఆస్పత్రిలో చేరాలి, మాత్రలు వాడాలి, కదలకుండా పడుకోవాలి. ఆ పొర గోడ నుంచి ఊడితే మద్రాసు పోయి ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తుంది. నాతో జీపులో ఇప్పుడే వచ్చేయండి."

ముత్యాలయ్య అడ్డంగా తలూపాడు. వేపాకు సంగతి, పొద్దుగూకే సంగతి చెప్పాడు. డాక్టరు మాలకొండమ్మ వంక చూశాడు. ఆమె మొగుడి వంక చూసింది. కళ్ళు ఎంత ముఖ్యమో, తలెత్తుకుని తిరగడం అంత ముఖ్యమైన మనిషి అతను.

"సరే, రేపు పొద్దున్నే ఆస్పత్రిలో ఉండాలి," అన్నాడు డాక్టరు చివరికి. "ఒక్క మాట గుర్తు పెట్టుకోమ్మా. ఈ జబ్బు కొన్నిసార్లు రెండో కంటిలోకి అడుగు పెడుతుంది. నేను వేసిన చుక్కల వల్ల ఇవాళంతా మసకగా ఉంటుంది, దానికి భయపడొద్దు. కానీ చుక్కలకు మసక వస్తుంది తప్ప నలుసులు రావు. ఎడమ కంట్లో గనక నలుసు కనిపించిందా, రేపటి దాకా ఆగొద్దు. పొద్దుగూకే దాకా నా జీపు ఇక్కడే ఉంటుంది."

తిరుగు దారిలో ముత్యాలయ్య హుషారుగానే ఉన్నాడు. జబ్బని తేలింది, తాగుబోతు కాదని తేలింది, అమ్మవారికి కోపం లేదని తేలింది. కాలువ పడవలో కూర్చుని, చిన్నపోలయ్య ముందు ఏం చెప్పాలో ఒకసారి చెప్పి చూసుకున్నాడు కూడా.

"రెటీనా అంటా. ఆ మాటకే అదిరిపోవాల కాపు," అన్నాడు. "ఒక కన్ను చాలు మే నాకు. మా నాయన ముసలితనంలో ఒక కంటితోనే ఎన్ని వలలు నింపలా?"

మాలకొండమ్మ నవ్వింది. అవతలి గట్టున పాలెం వాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పుడే ఎదురు చూస్తూ నిలబడి ఉన్నారు. ఇంకా పొద్దుంది. నడుముకున్న ఎర్రగుడ్డను విప్పి మడత పెట్టింది, అతని మెడలో వెయ్యాలని. సముద్రం మీద నుంచి గాలి ఒకే ఊపున వీస్తోంది.

ముత్యాలయ్య చెయ్యెత్తి మొహం ముందు ఈగను తోలుకున్నాడు.

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. అతను ఇంకోసారి తోలబోయి, ఆమె చూస్తోందని తెలిసి చెయ్యి దించేశాడు.

"ఈగ," అన్నాడు.

కుడి కంటికి కట్టు ఉంది. గాలి ఆమె జుట్టును మొహానికి కొడుతోంది.

"నల్లదా, తెల్లదా మావా?"

అతను గట్టు మీద ఉన్నవాళ్ళ వైపు, తర్వాత ఆమె చేతిలోని గుడ్డ వైపు చూశాడు. "ఇంకొంచెం దూరమే మే," అన్నాడు చిన్నగా. "నలుగురిలో ఆ ఒక్క మాటా చెప్పి..."

మాలకొండమ్మ గుడ్డను ఇంకో మడత పెట్టింది. మామగారి చెమట, మొగుడి చెమట పీల్చి దాని ఎరుపు ఎప్పుడో వెలిసిపోయింది. అది చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచి, పడవ వాడి ఒళ్ళో దాన్ని పెట్టింది.

"మమ్మల్ని దించినాక దీన్ని చిన్నపోలయ్యన్నకు ఇచ్చెయ్యి. మాలకొండమ్మే ఇచ్చిందని చెప్పు. ఇప్పుడు పడవ వెనక్కి తిప్పు."

"మే!" అన్నాడు ముత్యాలయ్య. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, అందలేదు. పడవ వాడు ఇద్దరి మొహాలూ చూసి గడ వేసి తిప్పాడు. అవతలి గట్టున ఎవరో ఏదో అరిచారు. మాలకొండమ్మ అటు చూడలేదు, పడమర వైపే చూస్తోంది. పొద్దు సరుగుడు తోపుల మీదికి దిగుతోంది.

దూరంగా కోట నుంచి పోయే రోడ్డు మీద దుమ్ము లేచింది. అది డాక్టరు జీపుదో, కట్టెల బండిదో ఇంత దూరం నుంచి చూసి చెప్పగల మనిషి వంకపాలెంలో ఒక్కడే ఉన్నాడు. అతను మిగిలిన ఆ ఒక్క కన్నూ గట్టిగా మూసుకుని, ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు.